ఎల్రేతో బయట మొదటి భోజనం

తలుపు కనిపించే వైపు తను కూర్చుంటానన్నాడు ఎల్రే, సరే కూర్చోమన్నాను, నాకు గోడ చాలు, గోడ మీద ఎండబెట్టి రంగేసిన పెద్ద చేప, దాని గాజు కన్ను నా మీదే ఉంది, బల్ల మీద పరిచిన పాత పేపర్లు, మధ్యలో కాగితపు తువ్వాళ్ళ చుట్ట, నిమ్మచెక్కలూ మిరపఘాటూ కలిసిన ఆవిరి వంటింట్లోంచి వచ్చి కళ్ళు మండిస్తోంది, నాకు పెళ్ళై ఆరేళ్ళయింది, నా మొగుడితో ఒక బల్ల దగ్గర కూర్చుని భోజనం చెయ్యడం మాత్రం ఇవాళే మొదలు. చెప్తే నవ్వుతారు జనం. ఆరేళ్ళూ నెలకోసారి మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ జైలుకెళ్ళి ములాఖత్ గదిలో కూర్చునేదాన్ని, నేలకి బిగించిన బల్ల, దాని మధ్య పసుపు గీత, చెయ్యి ఆ గీత దాటకూడదు, తినడానికి మిషన్లోంచి పడే చిప్సు పొట్లం, అదీ విప్పి గార్డుకి కనిపించేలా పెట్టాలి. పెళ్ళి కూడా ఆ గదిలోనే అయింది, ఫాదర్ గారు పుస్తకం మూసేలోపే టైమైపోయిందన్నారు. ఇవాళ పొద్దున పదింటికి గేటు తీశారు. ఇరవై రెండేళ్ళ శిక్ష ఒక్క రోజు తగ్గకుండా పూర్తిచేసి, అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని నడిచొచ్చాడు, నేను కొన్న చొక్కా భుజాల దగ్గర వదులైపోయింది, ఉత్తరంలో తను రాసిన కొలత ఎప్పటిదో మరి, కారు దగ్గరికొచ్చి నిలబడిపోయాడు, ఎక్కమని అన్నదాకా తలుపు మీద చెయ్యి వెయ్యలేదు.

ఇక్కడా అంతే చేశాడు, ఈ హోటలు తలుపు ముందు చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు, ఎవరో లోపల్నుంచి తీస్తారన్నట్టు, వెనక ఒక కుటుంబం ఆగిపోయింది, నేనే ముందుకెళ్ళి తోశాను. రేకుల కప్పు, గచ్చు నేల, పెద్ద రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న పాక ఇది, మా ఊరున్న పాయ ఒడ్డుకి నలభై మైళ్ళు, నెల క్రితమే చూసిపెట్టుకున్నాను, మావాళ్ళెవరూ ఇంతదూరం రారు, ఎల్రే ట్రోక్లేర్ మొహం గుర్తుపట్టి పక్క బల్ల మీంచి లేచిపోయేవాళ్ళుండరు, మొదటి భోజనమైనా ప్రశాంతంగా తిననిద్దాం అనుకున్నాను. ఈస్టర్ ముందొచ్చే తపస్సు కాలం శుక్రవారం, మాంసం ముట్టని రోజు, అందుకే ఐదింటికే సగం బల్లలు నిండిపోయాయి. వడ్డించే పిల్ల వచ్చి ఇద్దరి మెడల్లో ప్లాస్టిక్ గుడ్డలు కట్టింది, చెవులకి రొయ్యల బొమ్మలు వేలాడుతున్నాయి దానికి. "ఏం బాబాయ్, ఏం పెట్టమంటారు?" అంది. ఎల్రే మెనూ కాగితాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చదివాడు, తిప్పి మళ్ళీ చదివాడు, చెమట పట్టింది పైపెదవి మీద. "ఏదైనా పర్లేదండి," అన్నాడు చివరికి. ఆ అండీకి పిల్ల ఫక్కున నవ్వింది. "ఐదు పౌండ్ల క్రాఫిష్ పెట్టు తల్లీ, ఇద్దరికీ కలిపి," అన్నాను. "కారం ఎంత? పిల్లల కారమా, పెద్దల కారమా, మా తాత కారమా? మా తాత కారం తిని ఇద్దరు పాదిరీలు ఏడ్చారు." ఎల్రే నా వంక చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు. "పెద్దల కారం," అన్నాను నేనే, ఇక ఇంట్లో కూడా ఇలాగే ఉంటుందా, ఏ దీపం వెయ్యాలి, ఎప్పుడు పడుకోవాలి, అన్నీ నేనే చెప్పాలా, ఏమో, నేర్చుకుంటాడు, ఇరవై రెండేళ్ళు కదా, చెట్టునైనా అన్నాళ్ళు కట్టేస్తే వంకర తిరుగుతుంది.

పళ్ళెం వచ్చింది, డెక్కలున్న రొయ్యల్లాంటి క్రాఫిష్ ఎర్రగా కుప్పపోసి, మధ్యలో బంగాళాదుంపలు, మొక్కజొన్న ముక్కలు, పొగలు. చేతులు రెండూ పళ్ళెం చుట్టూ కోట కట్టినట్టు పెట్టాడు, తల వంచాడు, ఇక ఆపలేదు, తల విరవడం, పీల్చడం, తోక ఒలవడం, నోట్లో వేసుకోవడం, మళ్ళీ ఇంకోటి, వేళ్ళు మర్చిపోలేదు, నమలడమే మర్చిపోయినట్టున్నాడు. నేను ఒకటి ఒలిచేలోపు ఆరు అయిపోతున్నాయి. మెల్లగా తిను, ఎవరూ తీసుకెళ్ళరు, అందామనుకున్నాను. ఉత్తరాల్లో ఎంత నెమ్మదిగా ఉండేవాడు, పదకొండేళ్ళ క్రితం క్రిస్మస్‌కి చర్చిలో ఆడవాళ్ళం ఖైదీలకి తలో కార్డూ రాశాం, నాకొచ్చిన పేరు ఇతనిది, మన ఊరివాడే కదా అని నాలుగు ముక్కలు ఎక్కువ రాశాను, అంతకుముందు ఏడాదే నా మొదటి భర్త లెస్టర్ గుండాగి పోయాడు, ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏదీ ఉండేది కాదు, జవాబొచ్చింది, కింద పెన్సిలుతో గీసిన పెలికన్, ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతూ. ఆ పక్షి కోసం మళ్ళీ రాశాను. మా చెల్లెలు వెర్నా అంది కదా, "బయట మగాళ్ళు కరువయ్యారా నీకు, లోపలున్నవాణ్ణి వెతుక్కున్నావు? పోనీలే, రాత్రిళ్ళు ఎక్కడ తిరుగుతున్నాడో అన్న బెంగుండదు." పెళ్ళి మాట ఎత్తాక అది కూడా అనడం మానేసింది, మా గుమ్మం తొక్కడమే మానేసింది. బడి వంటశాలలో నాతో పాతికేళ్ళు పళ్ళేలు వడ్డించినవాళ్ళు నేను కూర్చుంటే గిన్నెలు తోమే పనుందని లేచిపోయేవాళ్ళు. లేవనీ. అతను చెయ్యలేదు, నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు, ఆ తెలియడం మీదే నేను ఇన్నేళ్ళూ నిలబడ్డాను, దాన్ని పట్టుకునే ప్రతి నెలా ఆ రోడ్డు మీద కారు నడిపాను.

డడ్లీ ఆర్సెనో అనేవాడు అక్టోబర్ నెలలో ఒక పొద్దున పీతల బోనులు తియ్యడానికి పడవేసుకెళ్ళాడు, రాలేదు. ముప్పై నాలుగేళ్ళు. పడవ రెల్లులో ఇరుక్కుని దొరికింది, మనిషి దొరకలేదు, ఈ రోజుకీ దొరకలేదు. ఎల్రే పడవలో నెత్తురుంది, డడ్లీదే, డడ్లీ బోనులకీ ఎల్రే బోనులకీ ఆ ఏడంతా తగాదా ఉంది, ఒకరి తాళ్ళు ఒకరు కోసుకున్నారని ఊరంతా సాక్ష్యం చెప్పారు, శవం లేకుండానే శిక్ష పడింది. వారం ముందు డడ్లీ ఆ పడవలో గాలం గుచ్చుకుని చెయ్యి కోసుకున్నాడు, ఆ నెత్తురది, అన్నాడు ఎల్రే వకీలు. నేను వకీలు మాట నమ్మాను. డడ్లీ అమ్మ అలీడా పెద్దమ్మకి ఇప్పుడు ఎనభై ఆరు. చర్చిలో నాకు మూడు వరసల ముందు కూర్చుంటుంది, కొడుకు పేరు చెక్కించిన మనిషెత్తు సమాధికి ఏటా నవంబరు ఒకటికి, పునీతుల పండక్కి, తనే సున్నం వేస్తుంది, లోపలేమీ లేదు, గాలే, అయినా వేస్తుంది, నిచ్చెనెక్కొద్దంటే వినదు. ఊరంతా నన్ను వదిలేసినా ఆవిడ వదల్లేదు, అదే నాకు పెద్ద శిక్ష, నేను జైలుకెళ్ళొచ్చిన ప్రతి ఆదివారం పూజయ్యాక మెట్ల మీద కర్రపట్టుకుని నిలబడి ఉంటుంది. "అడిగావా తల్లీ?" అంటుంది. తిట్టదు, ఏడవదు, "నాకింకేం వద్దు, ఎక్కడున్నాడో చెప్తే చాలు," అంటుంది. "ఆయనకి తెలీదు పెద్దమ్మా," అంటాను నేను. నెలకోసారి, ఆరేళ్ళు. ప్రతిసారీ అలాగే తలూపి, నా చెయ్యి ఒకసారి పట్టుకుని, మెల్లగా మెట్లు దిగిపోతుంది.

"ఇవి మా తరఫున బాబాయ్, శుక్రవారం కదా," అంటూ వడ్డించే పిల్ల ఇంకో పళ్ళెం తెచ్చి పెట్టింది, నీలిపీతలు రెండు, ఉడికి ఎర్రబడ్డాయి, డెక్కలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఎల్రే చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా ఒక్క క్షణం ఆగని చెయ్యి. వేళ్ళు తువ్వాలు కాగితానికి తుడిచి, ఆ పళ్ళేన్ని వేలి కొసతో నా వైపు జరిపాడు, జరిపి, కొంచెం వెనక్కి కూర్చున్నాడు.

"తిను, నీకోసమే ఇచ్చింది."

"పీతలు తినను నేను."

"ముప్పై ఏళ్ళు పీతలు పట్టినవాడివి."

"పట్టాను. తినను. ఎందుకో నీకు తెలుసు కదా."

"నాకెలా తెలుస్తుంది?"

అప్పుడు చూశాడు నా మొహంలోకి, తలుపు వదిలేసి మొదటిసారి పూర్తిగా నన్నే చూశాడు. "డడ్లీ సంగతి, యూలా," అన్నాడు, గొంతు తగ్గించి, ఇంట్లో సామాన్ల గురించి మాట్లాడుతున్నట్టు. "వాణ్ణి నీళ్ళలో దింపిన చోట నా బోనులున్నాయి. తర్వాతి వారం వెళ్ళి తియ్యకపోతే అందరికీ అనుమానం వస్తుందని వెళ్ళి తీశాను. పీతలు ఎప్పుడూ రానన్ని వచ్చాయి. ఆ రోజు నుంచీ నోట పెట్టలేదు."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వుతున్నారు, పాటల పెట్టెలోంచి అకార్డియన్ పాట వస్తోంది, నా చేతిలో సగం ఒలిచిన క్రాఫిష్ ఉంది, దాన్ని ఒలవడం పూర్తి చేశాను, ఎందుకో, పెంకు విడదీసి, లోపలి నల్లటి దారం లాగి, తోక తీసి పేపరు మీద పెట్టాను, తినలేదు, నా నోట్లోంచి ఆరేళ్ళుగా అలవాటైన మాటే వచ్చింది, "నువ్వు చెయ్యలేదు కదా." దానికి అతనేమీ కోప్పడలేదు, కోప్పడి ఉంటే బావుండేది. "చెయ్యలేదని నేనెప్పుడన్నాను?" అన్నాడు. "నువ్వే అనేదానివి. వచ్చిన ప్రతిసారీ, కుర్చీలో కూర్చోకముందే, నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు అనేదానివి. మొదట్లో చెప్దామనుకున్నా, నీ మొహం చూసి ఆగిపోయా. తర్వాత్తర్వాత అనిపించింది, దీనికి అంతా తెలుసు, తెలిసే అలా అంటోంది, నాకు కాస్త ఊపిరాడాలని. నువ్వొక్కసారీ అడగలేదు యూలా. తెలిసే అడగలేదనుకున్నా."

వెతుకుతున్నాను, పెంకుల్లో వేళ్ళు పెట్టుకుని వెతుకుతున్నాను, ఎక్కడో అనుంటాడు, ఏదో ఒక ఉత్తరంలో, ఏదో ఒక ములాఖత్‌లో, నేను చెయ్యలేదు అని ఒక్క ముక్క, మొదటి ఏడు ఈస్టర్ అప్పుడు ఏమన్నాడు, దేవుడికి తెలుసు అన్నాడు, పెళ్ళప్పుడు, పాపాలన్నీ కడిగేవాడు ఆయనే అన్నాడు, వాళ్ళమ్మ పోయినప్పుడు బల్లకి నుదురు ఆనించి ఏడ్చాడు, అమ్మ మొహం చూడలేకపోయానన్నాడు, తుఫానొచ్చి మా ఇంటి కప్పు లేచిపోయిన ఏడు, ఆ పాత కాలవ ఉందా ఇంకా, ఓక్ దిబ్బ ఉందా, సముద్రం తినేసిందా అని అడిగాడు, పాత చోట్ల మీద బెంగ అనుకున్నాను, ఎంత మంచివాడు, చెట్ల కోసం కూడా బెంగపడుతున్నాడనుకున్నాను. ఎక్కడా లేదు. వకీలు అన్నాడు, నేను అన్నాను, అతను అనలేదు. ఇంకోటి ఉంది, దాన్ని చూడకుండా పక్కకి జరుగుతున్నాను ఇందాకట్నుంచీ, అది చేప కన్నులా కదలకుండా నన్నే చూస్తోంది, ఆయనకి తెలీదు పెద్దమ్మా అన్నది నేను, ఎవరిని అడిగి అన్నాను, ఎప్పుడు అడిగాను, ప్రతిసారీ దారంతా అనుకునేదాన్ని ఇవాళ అడుగుతానని, ఆవిడ కోసం, ఒక్క మాట, గేటు దాటి ఆ గదిలో కూర్చున్నాక అడిగేదాన్ని కాదు, అడిగితే మొహంలో ఏం కనిపిస్తుందోనని భయం, నిజం, భయమే, మళ్ళీ ఆదివారం మెట్ల మీద ఆవిడ కళ్ళలోకి చూసి, తెలీదటండీ అన్నట్టు తలూపేదాన్ని, డెబ్బై సార్లు, అంతకంటే ఎక్కువేమో. ఇతను చంపాడు, సరే, నేనేం చేశాను మరి, ఆ ముసలావిడ చెయ్యి నా చేతిలో ఉండగా నేనేం చేశాను.

"ఎలా?" అన్నాను. అడగడం ఇంత తేలిక. "నా తాళ్ళు కోస్తుండగా చూశాను. మాటా మాటా పెరిగింది, నా పడవలోకి దూకాడు. తెడ్డుతో కొట్టాను. ఒక్కటే దెబ్బ, అదీ భుజానికనుకున్నా. తలకి తగిలింది." పెంకొకటి పక్కకి జరిపాడు. "తర్వాతంతా భయం. భయంతో మనిషి ఎంత పని చెయ్యగలడో తెలీదు నీకు." నాకు తెలుసు, అనలేదు. "ఎక్కడ?" అన్నాను. ఎల్రే తువ్వాలు కాగితం ఒకటి చింపి, వేలికంటిన ఎర్రటి కారంతో దాని మీద గీత గీశాడు, మా పాయ, దాని మీంచి పక్కకి ఇంకో గీత, చమురు కోసం ఎవరో తవ్వి వదిలేసిన పాత కాలవ, దాని చివర మూడు చుక్కలు, ఉప్పునీళ్ళు తగిలి చచ్చిపోయిన ఓక్ చెట్లు మూడు. "ఈ మూడో చెట్టుకి ఎదురుగా, అవతలి గట్టు వైపు. ఒంటికి పడవ లంగరు కట్టాను. అప్పుడు ఎనిమిదడుగుల నీళ్ళు." కాగితం నా వైపు తిప్పి అన్నాడు, "ఇప్పుడు ఆ గట్టు ఉందో లేదో." అక్కడ గట్లు ఏడాదికేడాది కరిగిపోతున్నాయి, అది ఇద్దరికీ తెలుసు.

లేచాను. ఎక్కడికని అడగలేదు అతను, లేచేవాళ్ళని అడగడం అలవాటు లేదు. బయట అరుగు మీద గింజల గోనెసంచులు, ఖాళీ క్రాఫిష్ సంచులు, బురద వాసన, ఇంకా ఎండ ఉంది, చెరుకు చేల మీదుగా ఏటవాలుగా పడుతోంది, ఫోన్ చేతిలో జారుతోంది, వేళ్ళకి నూనె, కారం, రెండుసార్లు తప్పు నొక్కాను. ఈ టైముకి ఆవిడ వంట చేసుకుంటూ ఉంటుంది, ఎత్తకపోతే బావుండు, ఎత్తకపోతే రేపు చెప్తాను, రేపు అంటే ఎల్లుండి అవుతుంది, నా సంగతి నాకు తెలుసు, ఎత్తండి పెద్దమ్మా.

"ఎవరూ?"

"యూలాని పెద్దమ్మా."

"ఇవాళే కదూ తీసుకొచ్చేది. వచ్చాడా?"

"వచ్చాడు."

"అడిగావా తల్లీ?"

"అడిగాను."

 "ఉండు, పొయ్యి కట్టేసి వస్తాను," అంది. కర్ర చప్పుడు దూరంగా వెళ్ళింది, మూత పెట్టిన చప్పుడు, మళ్ళీ కర్ర చప్పుడు దగ్గరికొచ్చింది, కుర్చీ లాక్కుంది. "ఇప్పుడు చెప్పు." చెప్పాను. కాలవ, మూడో చెట్టు, అవతలి గట్టు, లంగరు. తెడ్డు సంగతి కూడా చెప్పాను, ఒకటే దెబ్బ అన్నది చెప్పాను, అది ఆవిడకి ఓదార్పో ఇంకో గాయమో నాకు తెలీదు. "ఆ కాలవలో మా ఆయన తొమ్మిది రోజులు గాలాలు వేసి వెతికాడు," అంది. "నడుమంతా వెతికాడు. గట్టు పక్క వెతికాడో లేదో." ఊపిరి వినిపిస్తోంది. "ఇన్నాళ్ళూ తెలీదన్నాడన్నావే." అబద్ధం ఆడొచ్చు, ఇన్నాళ్ళూ అడిగితే తెలీదనే అన్నాడు, ఇవాళే ఒప్పుకున్నాడని చెప్పొచ్చు, నోటి చివర దాకా వచ్చింది. "నేను అడగలేదు పెద్దమ్మా," అన్నాను. "ఒక్కసారీ?" "ఒక్కసారీ అడగలేదు." లారీ ఒకటి రోడ్డు మీద పోయింది. "లెస్టర్ పడవ ఉంది కదా నీ దగ్గర," అంది, గొంతు మారలేదు, అదే గొంతు. "ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రేవు దగ్గరికి తీసుకురా. అతన్ని కూడా తీసుకురా, చోటు అతనికే తెలుసు. అతనితో నేనేం మాట్లాడను. చూపిస్తే చాలు." "మీరు పడవెక్కగలరా పెద్దమ్మా, నడుం..." "నువ్వెక్కిస్తావు," అంది, పెట్టేసింది. తల్లీ అనలేదు.

లోపలికెళ్ళేసరికి బల్లంతా సర్దేసి ఉంది. పెంకులన్నీ ఒక పక్క కుప్ప, మొక్కజొన్న కండెలు ఒక వరస, మెడగుడ్డ విప్పి నాలుగు మడతలు పెట్టాడు, చేతులు రెండూ బల్ల మీద, అరచేతులు కిందికి, కనిపించేలా. నేను కూర్చున్నాను. ఈ మనిషి చేతుల్ని గీత దాటి ఒక్కసారి పట్టుకోవాలని ఆరేళ్ళు కోరుకున్నాను, ఇప్పుడు గీత లేదు, అడ్డం ఎవరూ లేరు, నా చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

"అలీడా పెద్దమ్మకి చెప్పాను."

తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"ఆదివారం పడవెక్కాలి నువ్వు. చోటు చూపించాలి."

"ఆవిడ కూడానా?"

"ఆవిడ కూడా."

కాళ్ళ కింద నేల చూసుకున్నాడు. "ఇవాళ ఇంటికి తీసుకెళ్తావా నన్ను?" అన్నాడు, చిన్నగా. ఇంకెక్కడికి తీసుకెళ్తాను, ఇంకెవరున్నారు అతనికి, నాకు మాత్రం ఎవరున్నారు, పక్క దుప్పటి కొత్తది వేసొచ్చాను పొద్దున, రెండు దిళ్ళు పెట్టొచ్చాను. "తీసుకెళ్తాను," అన్నాను, దాని అర్థమేమిటో నాకే తెలీదు. పిల్ల వచ్చింది, "పీతలు ముట్టుకోలేదేం బాబాయ్, పొట్లం కట్టనా?" అంది. "వద్దమ్మా," అన్నాను నేను. "వద్దండి," అన్నాడు ఎల్రే.

లెస్టర్ పడవ పదహారడుగులది, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, మా వైపు అందరివీ అవే. మోటారు వెనక ఉంటుంది, దారి తెలిసినవాడు నడపాలి కాబట్టి ఎల్రే అక్కడ కూర్చుంటాడు. ముసలివాళ్ళని ముందు బల్ల మీద, గాలికి వీపు పెట్టి, వెనక్కి తిరిగేలా కూర్చోబెడతాం, ఆవిడ అక్కడ కూర్చుంటుంది, దారి పొడుగునా అతని మొహం ఆవిడకి కనిపిస్తూనే ఉంటుంది, రెండు గంటలు పడుతుంది ఆ కాలవ చివరకి. మధ్యలో ఒక్క బల్ల ఉంది. దాని మీద నేను అటు తిరిగి కూర్చోవాలా, ఇటు తిరిగి కూర్చోవాలా.